మంచు తుఫానుకు ముందా, తరువాతా?



చలికాలము వచ్చిందంటే మన సంఘములలోని కొన్ని కుటుంబములకు ఒక కొత్త రకమైన దిగులు పట్టుకుంటుంది. కొడుకో, కూతురో కాలిఫోర్నియాలో ఉంటారు. ఫోనులో ఆ మాట ఈ మాట చెబుతూ, "అమ్మా, వచ్చే బుధవారము పిల్లలను తీసుకొని మంచు కొండలకు వెళ్తున్నాము. పెద్ద మంచు తుఫాను వస్తుందంటున్నారు, అందుకే ఈ వారమే పెట్టుకున్నాము" అంటారు. వినే తల్లికి ఆ రెండు మాటలు ఎంతకీ పొసగవు. తుఫాను వస్తుందంటే మనము పడవలు ఒడ్డుకు లాగుతాము, గడ్డివాముకు మోకులు బిగిస్తాము, పశువులను పాకలోనికి తోలుతాము. తుఫాను వస్తుందని చెప్పి ప్రయాణము పెట్టుకునేవారు ఎక్కడైనా ఉంటారా?

ఉంటారు. వారిలో ఆలోచించి బయలుదేరేవారు ఉన్నారు, తొందరపడి బయలుదేరేవారూ ఉన్నారు. ఆ ఇద్దరి మధ్య భేదము ఎక్కడ ఉన్నదో ఈ నెల ఈ శీర్షికలో వివరించాలని తలంచాము. అక్కడ ఉన్న బిడ్డలకు ఇది ఉపయోగపడుతుంది. ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు ఏమి అడగాలో తెలుస్తుంది.

ఏమిటి ఈ మంచు ఆట?

పొడవైన రెండు సన్నని పలకలను గట్టి బూట్లకు బిగించుకొని, చేతులలో రెండు కర్రలు పట్టుకొని, మంచు కప్పిన కొండవాలు మీదనుండి జారుతూ దిగడమును స్కీయింగ్ అంటారు. పైకి ఎక్కడానికి ఇనుప తాడుకు వేలాడే కుర్చీలు ఉంటాయి. వాటిని లిఫ్టులు అంటారు. ఇలాంటి ఏర్పాట్లు ఉన్న కొండను స్కీ కేంద్రము అంటారు. అక్కడ టిక్కెట్టు కొనాలి, పలకలు అద్దెకు తీసుకోవాలి. పిల్లలకు నేర్పే గురువులు ఉంటారు.

శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే పరిసరాలలో వేలాది తెలుగు కుటుంబములు నివసిస్తున్నాయి. వారికి దగ్గరగా ఉన్న మంచు కొండలు సియెర్రా నెవాడా పర్వతములు. ఆ పర్వతములలో, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల సరిహద్దు మీద టాహో అనే పెద్ద సరస్సు ఉన్నది. దాని చుట్టూ పాలిసేడ్స్ టాహో, నార్త్‌స్టార్, హెవెన్లీ, కిర్క్‌వుడ్ వంటి స్కీ కేంద్రములు ఉన్నాయి. 1960వ సంవత్సరపు శీతాకాల ఒలింపిక్ క్రీడలు ఇప్పుడు పాలిసేడ్స్ టాహో అని పిలువబడుతున్న చోటనే జరిగాయి.

శాన్ ఫ్రాన్సిస్కో నుండి అక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. వాతావరణము బాగున్న రోజున నాలుగు గంటలలోపు చేరవచ్చు. కాని ఆ దారి సముద్ర మట్టము నుండి మొదలై, ఐ-80 అనే జాతీయ రహదారి మీద సుమారు 7,200 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. మన అరకు లోయ ఎత్తుకు అది రెండింతలకు పైమాట. క్రింద ఎండ కాస్తున్న గంటలోనే పైన చేయి చాపితే వేళ్ళు కనబడనంత మంచు కురుస్తూ ఉండవచ్చు.

వారము మధ్యలో ఎందుకు?

శని, ఆదివారములలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమంతా ఆ రెండు మూడు రహదారుల మీదకే వస్తుంది. నాలుగు గంటల దారికి ఎనిమిది గంటలు పట్టినా ఆశ్చర్యము లేదు. లిఫ్టు దగ్గర వరుస, భోజనము దగ్గర వరుస, కారు నిలపడానికి స్థలము దొరకదు. మంగళ, బుధ, గురువారములలో ఈ రద్దీ ఉండదు. టిక్కెట్టు వెల తక్కువ, బస వెల తక్కువ. నేర్చుకొనే పిల్లలకు ఖాళీగా ఉన్న వాలు దొరుకుతుంది. రెండు రోజులు సెలవు పెట్టుకోగలిగినవారు వారము మధ్యలో వెళ్ళడము నిజముగా మంచి ఆలోచనే. ఫిబ్రవరిలో ఆ ప్రాంతపు బడులలో చాలావాటికి వారము రోజులు సెలవు ఇస్తారు. దానికి 'స్కీ వీక్' అనే పేరు. ఆ వారములో మాత్రము బుధవారమైనా రద్దీ తప్పదు.

తుఫాను కోసమే ఎందుకు?

కొన్ని రోజులుగా ఎండకు కరిగి రాత్రికి గడ్డకట్టిన పాత మంచు రాయివలె ఉంటుంది. దానిమీద పడితే దెబ్బ తగులుతుంది. కొత్తగా కురిసిన మంచు దూదివలె మెత్తగా ఉంటుంది. అనుభవము ఉన్నవారికి ఆ కొత్త మంచు మీద జారడము కంటే ఇష్టమైనది లేదు. అందుకే వాతావరణ శాఖవారు తుఫాను అని చెప్పగానే మనము కీడు అనుకుంటాము, వారు మేలు అనుకుంటారు. అక్కడి రైతులు కూడా మేలు అనే అనుకుంటారు. ఆ కొండల మీద పేరుకొన్న మంచు వసంతములో, వేసవిలో మెల్లగా కరిగి కాలువలలోనికి వస్తుంది. కాలిఫోర్నియా వాడుకొనే నీటిలో దాదాపు మూడవ వంతు ఈ మంచు నుండే వస్తుందని అక్కడి నీటి శాఖవారు చెబుతారు.

అక్కడ కురిసే మంచు ఎంతో తెలిస్తే తప్ప ప్రమాదము అర్థము కాదు. డాన్నర్ కనుమ దగ్గర 1946 నుండి మంచును కొలుస్తున్న ప్రయోగశాల ఒకటి ఉన్నది. 2022-23 శీతాకాలములో అక్కడ కురిసిన మంచు మొత్తము 754 అంగుళములు, అంటే 62 అడుగులకు పైగా. పొడవైన కొబ్బరిచెట్టంత. ఒక్కసారిగా నిలిచిన ఎత్తు కాదు, సీజనంతా కురిసినది కూడితే వచ్చిన లెక్క. అయినా ఒక్క తుఫానులోనే మనిషి ఎత్తున కురవడము అక్కడ అరుదైన సంగతి కాదు.

ఆ కొండ దారి చెప్పే చరిత్ర

డాన్నర్ కనుమకు ఆ పేరు ఒక విషాదము వలన వచ్చింది. 1846లో తూర్పు నుండి బండ్లు కట్టుకొని కాలిఫోర్నియాకు బయలుదేరిన 87 మంది, దగ్గర దారి అని ఎవరో చెప్పిన దారి పట్టి అనేక దినములు పోగొట్టుకున్నారు. ఈ కనుమ క్రిందికి చేరేసరికి అక్టోబరు ఆఖరు అయింది. మంచు మొదలై దారి మూసుకుపోయింది. శీతాకాలమంతా అక్కడే చిక్కుకున్నారు. చివరకు బ్రతికినవారు 48 మంది. కొన్ని దినముల ఆలస్యము వారి ప్రాణములకు వచ్చింది.

నూరు సంవత్సరములు గడిచినా, రైళ్ళు వచ్చినా కొండ మారలేదు. 1952 జనవరి 13న 'సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో' అనే పేరుగల రైలు అదే కొండలలో మంచులో కూరుకుపోయింది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 226 మంది మూడు రోజులు దానిలోనే ఉండిపోయారు. దగ్గరలోని రోడ్డు మీద మంచు తొలగించిన తరువాత వారిని క్షేమముగా బయటకు తీసుకువచ్చారు.

ఇవి పాత సంగతులని కొట్టివేయనక్కర లేదు. 2024 మార్చి మొదట్లో వచ్చిన మంచు తుఫానులో ఐ-80 రహదారి ఒక దినమునకు పైగా మూసివేయబడింది. కొందరు రాత్రంతా కార్లలోనే చిక్కుకున్నారు. అనేక స్కీ కేంద్రములు ఆ శనివారము తలుపులు తెరవలేదు.

వారము మధ్య అయినంత మాత్రాన ప్రమాదము తగ్గదని రెండు బుధవారములు గుర్తుచేస్తాయి. 1982 మార్చి 31 బుధవారము. కొన్ని రోజులుగా ఎడతెరపి లేకుండా మంచు కురవడము వలన ఆల్పైన్ మెడోస్ అనే స్కీ కేంద్రమును ఆనాడు మూసి ఉంచారు. అయినా మధ్యాహ్నము పైనుండి మంచు చరియ విరిగి క్రింద ఉన్న కట్టడముల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. శిథిలముల క్రింద చిక్కుకున్న ఒక యువతి ఐదు రోజుల తరువాత సజీవముగా దొరికింది. రెండవది 2024 జనవరి 10, అదీ బుధవారమే. తుఫాను మొదలవుతున్న ఉదయము, పాలిసేడ్స్ టాహో కేంద్రములో ఒక లిఫ్టును ఆ సీజనులో మొదటిసారి తెరిచిన కొద్దిసేపటికే మంచు చరియ విరిగిపడి ఒకరు మరణించారు. కాపలాదారులు ఉన్న హద్దుల లోపలే ఇది జరిగింది.

వీటిని భయపెట్టడానికి చెప్పడము లేదు. ఏటా లక్షల మంది ఆ కొండలకు వెళ్ళి సంతోషముగా తిరిగి వస్తున్నారు. రద్దీకి, వారములోని రోజుకు సంబంధము ఉన్నది గాని, తుఫానుకు, వారములోని రోజుకు సంబంధము లేదని చెప్పడానికే ఈ రెండు సంగతులు వ్రాశాము. బుధవారము మనము నిర్ణయించుకున్న రోజు. తుఫాను గడియ వేరు. ఈ రెండింటినీ సరిగా సరిపోల్చుకోవడమే ఈ ప్రయాణములో అసలు పని.

తుఫాను నడక తెలుసుకోవడము

సియెర్రా కొండలకు పెద్ద తుఫానులు పసిఫిక్ మహాసముద్రము మీదనుండి వస్తాయి. ఆకాశములో నీటి ఆవిరి పొడవైన నదివలె ప్రవహిస్తూ వచ్చి కొండలకు తగిలి, పైకి లేచి, చల్లబడి కురుస్తుంది. ఇక్కడ ఒక కీలకమైన సంగతి ఉన్నది. ఎంత ఎత్తు పైన మంచు, ఎంత ఎత్తు క్రింద వాన అనే గీత ఒకటి ఉంటుంది. వాతావరణ శాఖవారు దానిని 'స్నో లెవెల్' అంటారు. తుఫాను మొదట్లో గాలి వెచ్చగా ఉంటే ఆ గీత 8,000 అడుగుల దగ్గర ఉండవచ్చు. అప్పుడు ఊరిలో, రోడ్డు మీద వాన పడుతుంది. తరువాత చల్లని గాలి వచ్చేసరికి ఆ గీత 4,000 అడుగులకు దిగుతుంది. అప్పుడు బ్లూ కాన్యన్ వంటి, 4,700 అడుగుల ఎత్తున ఉన్న చోట్ల కూడా రోడ్డు తెల్లబడుతుంది. అందుచేత వెళ్ళేటప్పుడు సులభముగా ఉన్న దారి వచ్చేటప్పుడు కష్టముగా ఉండడము తరచుగా జరుగుతుంది. వెళ్ళగలిగాము గనుక రాగలము అనుకోకూడదు.

హెచ్చరికలలో కూడా మెట్లు ఉన్నాయి. మన ఓడరేవులలో ఒకటవ నంబరు, మూడవ నంబరు, పదవ నంబరు ప్రమాద సూచికలు ఎగురవేసినట్లే అక్కడి జాతీయ వాతావరణ శాఖవారు ముందుగా 'వింటర్ స్టార్మ్ వాచ్' అంటారు. తుఫాను రావచ్చు, కనిపెట్టుకొని ఉండండి అని దాని అర్థము. రావడము దాదాపు ఖాయమైనప్పుడు, లేక మొదలైనప్పుడు 'వింటర్ స్టార్మ్ వార్నింగ్' అంటారు. గంటకు 35 మైళ్ళు, అంటే 56 కిలోమీటర్లు, లేక అంతకు మించిన గాలితో, పావు మైలు కూడా కనబడని మంచు మూడు గంటలైనా ఉంటుందనుకుంటే 'బ్లిజార్డ్ వార్నింగ్' ఇస్తారు. ఈ మూడవ మాట వినబడితే ప్రయాణము గురించి మాట్లాడుకోవడము కూడా అనవసరము. ఇంటిలో ఉండవలసినదే.

వారము ముందు చెప్పే సూచన ఉజ్జాయింపు మాత్రమే. మూడు రోజుల ముందు చెప్పేది ఎక్కువ నమ్మదగినది. ముందురోజు చెప్పేదానిలో ఏ గంటకు మొదలవుతుంది, ఎన్ని అంగుళములు, ఎంత ఎత్తు వరకు అన్నవి చాలావరకు తేలుతాయి. కోత కోయాలా, రెండు రోజులు ఆగాలా అని ఆకాశము వైపు, రేడియో వైపు చూచే మన రైతుకు ఈ లెక్క కొత్త కాదు. పంట పండిందనగానే కొడవలి పట్టడు. కోసి, ఆరబెట్టి, కుప్ప వేసేంత వ్యవధి ఉన్నదా అని చూస్తాడు. కొండ ప్రయాణమునకూ అదే లెక్క.

మూడు విధముల ప్రయాణము

బుధవారము రాత్రి తుఫాను మొదలై, గురువారమంతా కురిసి, శుక్రవారము తెల్లవారేసరికి తెరిపి ఇస్తుందని చెప్పారనుకుందాము. అప్పుడు మూడు మార్గములు ఉన్నాయి.

మొదటిది, తుఫానుకు ముందు వెళ్ళి ముందే రావడము. సోమవారము సాయంకాలము వెళ్ళి, మంగళవారము ఆడుకొని, బుధవారము మధ్యాహ్నము భోజనము కాగానే కొండ దిగడము. మంచు పాతదే ఉంటుంది. అయినా కొత్తగా నేర్చుకొనేవారికి, చిన్న పిల్లలకు అదే చాలు. చదును చేసిన వాలు వారికి లోతైన కొత్త మంచు కంటే సులభము. పిల్లలు ఉన్న కుటుంబమునకు మేము మొదట చెప్పేది ఈ మార్గమే. దీనిలో ఒకే ఒక నియమము: బుధవారము మధ్యాహ్నము అంటే మధ్యాహ్నమే. ఇంకొక్కసారి పైకి వెళ్ళి వస్తాము అన్న మాటతోనే రెండు గంటలు గడిచిపోతాయి.

రెండవది, తుఫాను రాకముందే చేరి, అది పోయేవరకు కదలకుండా ఉండడము. బుధవారము పగలు చేరాలి. మంచు కురిసేంతసేపు కారు తీయకూడదు. అలా ఉండాలంటే ఒక రోజు అదనపు సెలవు చేతిలో ఉండాలి, రెండు మూడు రోజుల తిండి సామాను ఉండాలి. కరెంటు పోవచ్చు. గాలి ఎక్కువైతే కొండ పైభాగపు లిఫ్టులు ఆపివేస్తారు. కాబట్టి తుఫాను రోజున ఆట ఉంటుందన్న నమ్మకము పెట్టుకోకూడదు. గురువారము ఉదయము ఆఫీసు పని ఉన్నవారికి ఈ మార్గము తగదు.

మూడవది, తుఫాను పోయిన తరువాత వెళ్ళడము. తుఫాను సోమ, మంగళవారములలో వచ్చి పోయినట్లయితే, రోడ్డు తెరచి మంచు తొలగించిన తరువాత బుధవారము వెళ్ళి, గురువారము ఎండలో కొత్త మంచు మీద ఆడుకోవచ్చు. వారము మధ్య ప్రయాణము పెట్టుకున్నవారికి ఇంతకంటే మంచి అవకాశము లేదు. అయితే కొత్త మంచు పడిన ఒకటి రెండు రోజులు మంచు చరియలు విరిగే ప్రమాదము ఎక్కువ. స్కీ కేంద్రమువారు తెల్లవారుజామునే మందుగుండు పేల్చి, వదులుగా ఉన్న చరియలను ముందే పడగొట్టి, తరువాతనే లిఫ్టులు తెరుస్తారు. కాబట్టి తాడు కట్టి మూసిన చోటికి వెళ్ళనే కూడదు. కేంద్రము హద్దు దాటిన కొండవాలు మీద అలాంటి కాపలా ఉండదు. అక్కడ మంచు చరియ మనిషిని పట్టినప్పుడు చాలావరకు ఆ చరియను కదిపినవాడు ఆ మనిషో, అతని తోటివాడో అయి ఉంటాడు. మంచు క్రింద పూడినవారిని మొదటి పది పదిహేను నిమిషములలో బయటకు తీయగలిగితేనే ఆశ ఎక్కువ. ట్రకీ పట్టణములోని సియెర్రా అవలాంచ్ సెంటర్‌వారు శీతాకాలములో ప్రతి ఉదయము ప్రమాద స్థాయిని ఐదు మెట్లుగా ప్రకటిస్తారు. దానిని చదవడము రానివారు హద్దు లోపలే ఉండాలి.

చెట్ల దగ్గర కూడా జాగ్రత్త అవసరము. కొత్త మంచు ఎక్కువగా పడినప్పుడు పెద్ద దేవదారు వంటి చెట్ల మొదళ్ళ చుట్టూ మంచు గుల్లగా ఉండి, పైకి కనబడని గుంట ఏర్పడుతుంది. దానిలో తలక్రిందులుగా పడినవారు తమంతట తాము బయటకు రాలేరు. ఒంటరిగా జారకూడదు, తోటివారు కంటికి కనబడుతూ ఉండాలి.

ఈ మూడింటిలో లేనిది నాలుగవది: తుఫాను కురుస్తుండగా కొండ ఎక్కడము, లేక దిగడము. ఇబ్బందులు ఎక్కువగా ఆ నాలుగవ దానిలోనే వస్తాయి.

కారు, గొలుసులు, మందులు

మంచు పడినప్పుడు కాలిఫోర్నియా రోడ్ల శాఖవారు టైర్లకు ఇనుప గొలుసులు బిగించమంటారు. దీనికి మూడు స్థాయిలు ఉన్నాయి. ఆర్-1 అంటే మంచు టైర్లు ఉన్న మామూలు కార్లు తప్ప మిగిలినవి గొలుసులు వేసుకోవాలి. ఆర్-2 అంటే నాలుగు చక్రములకూ ఇంజను బలము అందే వాహనమై, నాలుగూ మంచు టైర్లు అయితే తప్ప అందరూ వేసుకోవాలి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. చాలాసార్లు ఆర్-3 వరకు రాకముందే రోడ్డు మూసివేస్తారు. ఏ వాహనమైనా సరే, గొలుసుల నియమము ఉన్న చోటికి వెళ్తే గొలుసులు కారులో ఉండి తీరాలి. వాటిని ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి బిగించి చూడాలి. చీకటిలో, గాలిలో, చేతులు కొంకర్లు పోతుండగా మొదటిసారి బిగించడము కష్టము. అద్దె కారు అయితే గొలుసులు వేయనిస్తారో లేదో ఒప్పందములో చదువుకోవాలి. విద్యుత్తు కారు అయితే చలికి, ఎత్తు ఎక్కడానికి బ్యాటరీ త్వరగా తరుగుతుందని గుర్తుంచుకోవాలి.

పెద్ద రోడ్డు మూసినప్పుడు ఫోనులోని దారి చూపే పటము ఏదో అడవి రోడ్డును చూపవచ్చు. దానిని నమ్మి పోకూడదు. మంచు తొలగించే బండి ఆ రోడ్డు మీదకు రాదు.

కారులో దుప్పట్లు, నీరు, రొట్టెలు, టార్చిలైటు, చిన్న పార ఉండాలి. ఒకవేళ చిక్కుకుంటే కారు విడిచి నడవకూడదు. ఇంజను వేసే ముందు పొగగొట్టము చుట్టూ ఉన్న మంచును తప్పక తొలగించాలి. లేకపోతే విషవాయువు కారులోనికి వస్తుంది. దానికి వాసన ఉండదు. గంటకు పది నిమిషములు మాత్రమే ఇంజను నడిపి, కిటికీ కొద్దిగా తెరచి ఉంచాలి.

చలికాలములో బిడ్డల ఇంటికి వెళ్ళిన తల్లిదండ్రులు కూడా ఈ ప్రయాణములలో ఉంటారు. వారి బి.పి., షుగరు మాత్రలు మూడు రోజులకు సరిపడా ఎక్కువ తీసుకువెళ్ళాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని రాత్రి కారులో వదలకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటిని చల్లబరుస్తాయి. లోపల ఉన్ని బట్టలు, పైన నీరు దిగని కోటు ఉండాలి.

వద్దు అనే మాట ఎవరు అనాలి?

ఇంతవరకు చెప్పినవి తెలియనివారు అక్కడ తక్కువ. చదువుకున్నవారు, ప్రతి ఉదయము వాతావరణము చూచేవారు. మరి ఎందుకు చిక్కుకుంటారు? బస కోసము కట్టిన డబ్బు తిరిగి రాదు. అడిగి తెచ్చుకున్న సెలవు పోతుంది. పిల్లలు వారము నుండి ఎదురుచూస్తున్నారు. నాలుగు కుటుంబములు కలిసి అనుకున్నది, మొదట వద్దన్నవారు పిరికివారు అనిపించుకుంటారు. ఈ నాలుగు బరువులు కలిసి కారును కొండ మీదకు తోస్తాయి. తుఫాను కంటే ఇవే బలమైనవి.

దీనికి ఉపాయము ఉన్నది. బయలుదేరక ముందు, ఇంటిలో నిమ్మళముగా ఉన్నప్పుడే, ఏది జరిగితే మానుకుంటామో కాగితము మీద వ్రాసుకోవాలి. బస కుదుర్చుకొనేటప్పుడే రద్దు చేస్తే డబ్బు ఎంత తిరిగి వస్తుందో అడగాలి. ప్రయాణమునకు రెండు రోజుల ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి, బయలుదేరే ఉదయము ఒకసారి చూచుకోవాలి. "తుఫాను మొదలయ్యే గంటకు ఆరు గంటల ముందు కొండ ఎక్కి ఉండలేకపోతే వెళ్ళము. ఆర్-2 పెడితే వెనుకకు తిరుగుతాము" అని వ్రాసుకున్న ఇంటిలో ఆ క్షణమున వాదన ఉండదు. వ్రాసినదే మాట్లాడుతుంది.

ఇంకొక మాట. మన కుటుంబములలో కారు నడిపేవారిదే తీర్పు అనుకోవడము అలవాటు. ప్రక్కన కూర్చున్న భార్యకు భయము వేసినా, వెనుక కూర్చున్న అత్తగారికి భయము వేసినా నోరు మెదపరు. ఈ ప్రయాణములో ఎవరు ఒక్కరు "తిరిగిపోదాము" అన్నా తిరగాలి, ఎవరూ ఎగతాళి చేయకూడదు అని ముందే ఒప్పుకోవాలి. భార్య మాట విని కారు వెనుకకు త్రిప్పిన భర్త ఏమీ పోగొట్టుకోడు. మహా అయితే బస డబ్బు పోతుంది. కొండ అక్కడే ఉంటుంది, మంచు మళ్ళీ కురుస్తుంది.

ఇక్కడి తల్లిదండ్రులకు

బిడ్డలు ఫోను చేసి చెప్పినప్పుడు వెంటనే వద్దు అనకండి. అలా అంటే ఈసారి చెప్పకుండా వెళ్తారు. ఐదు సంగతులు అడగండి. తుఫాను ఏ రోజు, ఏ గంటకు మొదలవుతుంది, దానికి ఎంత ముందు మీరు చేరుతారు? ఒక రోజు అక్కడే ఉండిపోవలసి వస్తే సెలవు, తిండి, మందులు ఉన్నాయా? గొలుసులు ఉన్నాయా, బిగించడము వచ్చునా? ఏది జరిగితే మానుకుంటారు? చేరగానే సందేశము ఎవరు పంపుతారు?

ఈ ఐదింటికి తడుముకోకుండా జవాబు వస్తే నిశ్చింతగా ఉండండి. తడుముకుంటే, "నాన్నా, అది తెలుసుకొని మళ్ళీ ఫోను చెయ్యి" అనండి. అంతమాత్రము చాలు. వారే ఆలోచిస్తారు.

శీతాకాలములో వారి గడియారము మనకంటే పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. వారికి బుధవారము సాయంత్రము ఆరు గంటలైతే మనకు గురువారము ఉదయము ఏడున్నర. ఆ లెక్క చూచుకొని, వారు కారు నడిపే వేళ మాటిమాటికి ఫోను చేయకండి. మంచు దారిలో మ్రోగే ఫోను కూడా ఒక ప్రమాదమే. కొండలలో సిగ్నలు అందకపోవచ్చు గనుక ఒక గంట ఆలస్యమైనంత మాత్రాన కీడు శంకించకండి. ఏ గంట దాటితే ఎవరికి తెలియజేయాలో మాత్రము ముందే అనుకొని ఉంచుకోండి.

కొత్త మంచు మీద పిల్లలు కేరింతలు కొట్టడము చూడడము ఒక ఆనందమే. ఆ ఆనందమును మన బిడ్డలకు లేకుండా చేయడము మా ఉద్దేశము కాదు. తుఫాను గడియను గౌరవించి, తమ గడియను దానికి తగినట్లు మార్చుకొనే కుటుంబమునకు ఆ కొండ మళ్ళీ మళ్ళీ వెళ్ళదగినదే. దూరమున ఉన్న మీ బిడ్డల ప్రయాణములన్నియు క్షేమముగా జరుగును గాక అని కోరుకుంటూ, వచ్చే నెల మరల కలుసుకుందాము.